కారు తలుపుల రబ్బరు

మా గోదావరిఖనిలో తెల్లచొక్కా తెల్లగా ఉండేది ఇస్త్రీ బల్ల మీద మాత్రమే. గడప దాటాక బొగ్గుపొడి తన పని తాను చేసుకుపోతుంది. గోడలు, ఆకులు, తీగ మీద ఆరేసిన దుప్పట్లు, దేన్నీ వదలదు. అలాంటి ఊళ్ళో, పుట్టుకతోనే నల్లగా ఉన్న వస్తువొకటి తెల్లబడింది. అది మా కారు బంపరు.

కారంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. నాలుగు తలుపుల చిన్న కారు, సెకండ్ హ్యాండులో కొన్నది. ముందూ వెనకా బంపర్లు, తలుపుల మీద అడ్డంగా పోయే పట్టీలు, పక్క అద్దాల తొడుగులు, ఇవన్నీ రంగు వేయని నల్ల ప్లాస్టిక్కు. మా క్వార్టరు ముందు షెడ్డు లేదు. రామగుండం ఎండలో ఏళ్ళ తరబడి నిలబడి ఆ ప్లాస్టిక్కు మొదట బూడిద రంగుకు వచ్చింది. తర్వాత ఏ రంగని అడిగితే నేను చెప్పలేని రంగుకు వచ్చింది. మా ఆవిడ చెప్పగలిగింది.

"ఇది కారా, బూడిద గుమ్మడికాయనా? ఇంటి ముంగట వేలాడగట్టు, దిష్టన్న పోతది."

అవి ఆమె ఇంట్లో ఉన్న రోజుల మాటలు. ఇప్పుడు ఆమె కరీంనగర్‌లో ఉంటుంది, నేను గోదావరిఖనిలో ఉంటాను. మధ్యలో పెద్దపల్లి ఉంది. అంతకుమించి మా మధ్యకు వేరే ఏమీ రాలేదు. ఈ సంగతి ముందే చెప్పడం మంచిది. మా కాలనీలో ఈ విషయం నాకన్నా బాగా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఆమెది ఊపిరి జబ్బు. దగ్గు మొదలైతే ఛాతీలోంచి సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తుంది. మందులు మార్చి మార్చి చూసిన డాక్టరు చివరికి, "ఈమె ఈ ధూళిలో ఉండకూడదండీ" అన్నాడు. ధూళిని వేరే ఊరికి పంపే అధికారం నాకు లేదు కాబట్టి ఆమెను పంపాల్సి వచ్చింది. కరీంనగర్‌లో ఆమె అక్కావాళ్ళ ఇంటి మేడ మీద రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. కుట్టుమిషన్ తీసుకుని అక్కడికి వెళ్ళింది. కూతురు అప్పటికే పెళ్ళి చేసుకుని నిజామాబాద్‌లో స్థిరపడింది. నాకింకా సర్వీసు ఉంది. గని ఆఫీసులో మస్టర్ చూస్తాను. ఎవరు ఏ షిఫ్టుకు వచ్చారు, ఎవరు రాలేదు అని రాసుకునే ఉద్యోగం.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కరీంనగర్ వెళ్తాను. సాయంత్రం బస్సుకు తిరిగొస్తాను. ఆ మధ్యలో ఆమె నన్ను అడిగేవన్నీ ఇంటి గురించే. కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోస్తున్నానా, వంటింటి కిటికీ మూస్తున్నానా, ఎదురు క్వార్టరులోకి ఎవరు దిగారు, వాళ్ళావిడ ఎలాంటిది. నా గురించి విడిగా ఏమీ అడగదు. ఇంటి సామాన్లలో నేనూ ఒకణ్ణని అనుకుని సర్దుకున్నాను.

ఒకప్పుడు ఆమెను కారులోనే ఇంటికి తీసుకొచ్చేవాణ్ణి. ఒక చలికాలం దగ్గరి చుట్టాల పెళ్ళికి అలాగే బయలుదేరాం. పెద్దపల్లి దాటేదాకా బాగానే ఉంది. బసంత్‌నగర్ దగ్గర పవర్ హౌసు బూడిద మోసే లారీ వెనక పడ్డాం. దాన్ని దాటితే బొగ్గు టిప్పరు. దాన్ని దాటితే ఇంకోటి. మా ఆవిడ ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటుంది. ముందు కూర్చుంటే ఎదురొచ్చే లారీలు తన మీదికే వస్తున్నట్టు ఉంటుందట. నా డ్రైవింగు మీద అనుమానం లేదు గాని, ఎదుటివాడి మీద నమ్మకం లేదంటుంది. ఆ వెనక తలుపుల చుట్టూ ఉండే రబ్బరు ఎండకు ఎండి, చదునై, మూలల్లో పగిలిపోయింది. తలుపు మూసి ఉన్నా సందుల్లోంచి సన్నని పొడి లోపలికి దిగుతూనే ఉంది. రామగుండం వచ్చేసరికి ఆమె మాట్లాడటం మానేసింది. పెళ్ళికి పోకుండా నేరుగా దవాఖానకు పోయాం.

కోలుకున్నాక ఒకే మాట చెప్పింది. "ఆ కారు ఇగ నేను ఎక్క."

"బస్సుల వస్తవా మరి?"

"బస్సుల కిటికీలు ముయ్యమని ఎవరినని అడుగుతం? నేను ఇంటికి రానంటలేను. ఆ తొవ్వనే నన్ను రానిస్తలేదు."

ఆ తర్వాత ఆమె ఇంటికి రాలేదు. నేనూ అడగలేదు.

ఈసారి వానలు వెలిసే ముందు ఆమెను డాక్టరుకు చూపించాను. ఆయన ఛాతీ విని, సంతోషంగానే ఉన్నట్టు తలాడించాడు. ఊరికి పోయి రావచ్చా అని ఆమే అడిగింది. "వానకు దుమ్ము అణిగి ఉంటుంది కదా, ఇప్పుడైతే ఒక పూట పోయి రండి. కానీ దారిలో ధూళి తగలొద్దు. చలికాలంలో మాత్రం ఆ మాటే ఎత్తొద్దు" అన్నాడు. మెట్లు దిగుతూ ఆమె రెండు మెట్ల మధ్య ఆగింది.

"ఆ కారు తలుపులు మంచిగ చేపియ్యరాదా?" అంది.

నేను చేయిస్తానని చెప్పలేదు. చేస్తానని చెప్పాను. డిగ్రీలో నాది కెమిస్ట్రీ. రబ్బరు గురించి ఒక పాఠం ఉండేది. నాకది పరీక్ష దాకా గుర్తుంది.

చేయాల్సిన పని కష్టంగా కనిపిస్తే దాని పక్కనున్న పని మొదలుపెట్టడం నాకు అలవాటు. కాబట్టి తలుపుల పని పెట్టుకుని బంపరు ముందు కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే మా బావమరిది వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు, పక్క లైనులోనే ఉంటాడు. గనిలో బొగ్గు మోసే కన్వేయర్ బెల్టుల దగ్గర అతని పని. బెల్టు తెగితే అతికిస్తాడు, జారితే సరిచేస్తాడు. లోకంలో మిగతా విషయాల్లో కూడా తనకు అదే స్థాయి ఉందని అతని నమ్మకం.

"ఏంది బావా, బంపరుకు సబ్బు రుద్దుతున్నవ్? తానం పోస్తే నల్లగైతదా?"

"మరి ఏం జెయ్యాలె?"

"మన తాన మిషిన్లకు ఏం పూస్తరు? కాలిన ఆయిలు. ఒక్క పూత పూస్తే చాలు, పెళ్ళికొడుకు లెక్క అయితది."

తలుపుల సంగతి కూడా చెప్పాను. వెనక తలుపు తీసి, చదునైన పాత రబ్బరును వేలితో నొక్కి చూసి జాలిపడ్డాడు.

"గిసొంటిది మళ్ళ కొంటవా? లోపలంత డొల్ల. గాలి ఊదిన పైపు. నేను బెల్టు ముక్క తెస్త. టన్నులకు టన్నుల బొగ్గు మోసింది. ధూళి గాదు, ధూళి తాత గూడ లోపటికి రాడు."

మా ఊరు తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. గనుల్లో అరిగిపోయిన బెల్టును తుక్కు కింద అమ్మేస్తారు. తుక్కు దుకాణాల నుంచి అది మా ఇళ్ళకు చేరుతుంది. మా గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టా బెల్టు ముక్క. మంచం కోళ్ళ కింద బెల్టు ముక్క. నీళ్ళ డ్రమ్ము మూత, మేకల దొడ్డి తలుపుకు కీలు, చెప్పు అడుగు, అన్నీ అదే. కాలనీలో పుట్టి పెరిగినవాళ్ళకు దవాఖానంటే కంపెనీ దవాఖాన, సందంటే బెల్టు ముక్క పెట్టి మూసేది. నేను ఆ కాలనీలోనే పుట్టాను. కెమిస్ట్రీ తర్వాత వచ్చింది.

"అది తలుపుల పడ్తదా?" అని మాత్రం అడిగాను.

"పడ్తదా అంటవేంది? పడగొడ్తం."

మరుసటి రోజు బెల్టు పట్టీలు కోసుకుని, బెల్టుల అతుకులకు వాడే గమ్ము డబ్బా పట్టుకుని వచ్చాడు. పాత రబ్బరు లాగేశాం. వెనక రెండు తలుపుల చట్రాలకూ బెల్టు పట్టీలు అతికించాం. ఆ గమ్ము ఎంత గట్టిదంటే, నా చిటికెన వేలు కూడా కాసేపు కారులో భాగమైంది. తర్వాత బంపర్లకు, పట్టీలకు కాలిన ఆయిలు పూశాం. నిజం చెప్పాలి, అద్భుతంగా ఉంది. దారిన పోయే ఆయన సైకిలు ఆపి, "కొత్తదా అన్నా?" అన్నాడు. నేను కాదని చెప్పడానికి కొంచెం ఆలస్యం చేశాను.

ఇక తలుపులు మూయాలి. అవి మూసుకోలేదు.

డొల్ల రబ్బరు తలుపు వచ్చి తగిలితే అణుగుతుంది. బెల్టు ఎందుకు అణుగుతుంది? టన్నుల బొగ్గు మీద పడ్డా అణగలేదు కాబట్టే కదా దాన్ని తెచ్చాం. బావమరిది దీన్ని తన ఉద్యోగానికి జరిగిన అవమానంగా తీసుకున్నాడు. వెనక సీట్లోకి ఎక్కి కూర్చున్నాడు.

"నేను లోపట్నుంచి గుంజుత, నువ్వు బయట్నుంచి భుజం పెట్టు."

పెట్టాను. ఒక తలుపు పడింది. అటువైపు వెళ్ళి రెండోదానికీ పెట్టాను. అదీ పడింది. ఇద్దరం గెలిచాం. అతను లోపలి పిడి లాగాడు. నేను బయటి పిడి లాగాను. తర్వాత ఇద్దరం కలిసి లాగాం.

"బావా, తెరుస్తలేదు."

"నాకు కనబడుతుంది."

"నాకు డ్యూటీ ఉన్నది బావా."

"ఫికర్ జెయ్యకు, మస్టర్ నా చేతులనే ఉన్నది."

అద్దం సగానికి మించి దిగదు. చివరికి ముందు సీట్ల మధ్యలోంచి, తల ముందు పెట్టి, పొట్టను తర్వాత పంపిస్తూ బయటికి వచ్చాడు. గనిలో ఇరుకు చోట్ల పాకిన అనుభవం పనికొచ్చిందని అతనే అన్నాడు. చొక్కా దులుపుకుంటూ, "ఒకటి మాత్రం ఒప్పుకోవాలె, ధూళి రాదు" అన్నాడు.

అది కూడా చూద్దామని అలాగే టిప్పర్లు తిరిగే రోడ్డు మీదికి ఒకసారి తీసుకెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే బంపరుకు వెంట్రుకలు మొలిచినట్టుంది. నూనె పూసిన చోట పొడి వాలితే పోతుందా? రోడ్డు మీదున్న ధూళిలో మా వాటా మొత్తం తీసుకుని వచ్చాం. తలుపుల దగ్గర ఇంకా ఘోరం. బెల్టు ముక్క కింద అంచుకు ఆనింది, పైన ఆనలేదు. ఆ పైసందు మునుపటికన్నా పెద్దదైంది. సీటు మీద వేలు పెట్టి రాస్తే పేరు రాయొచ్చు.

ఆ ఆదివారం మళ్ళీ బస్సులోనే కరీంనగర్ వెళ్ళాను. మిషన్ ముందు కూర్చుని జాకెట్టుకు కాజాలు కుడుతోంది.

"అయిందా?" అంది, తలెత్తకుండానే.

"అయింది. తలుపులు మూసుకున్నయి."

"మంచిగనే ఉన్నది."

"తెరుచుకుంటలేవు. నీ తమ్ముడు లోపలనే ఉన్నడు."

సూది పక్కన పెట్టింది. పొట్టను తర్వాత పంపిన సంగతి కూడా చెప్పాను. పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, నవ్వు చివర దగ్గు వచ్చింది. దగ్గు వెనకాలే ఆ ఈల. నేను లేచి నీళ్ళిచ్చి, వీపు మీద చేయి వేసి నిలబడ్డాను. ఆమెను నవ్వించడం తప్ప భర్తగా నాకు పెద్దగా వచ్చిన విద్య ఏదీ లేదు. ఇప్పుడు ఆ నవ్వు ఎక్కడిదాకా పోవచ్చో చూసుకుంటూ మాట్లాడాల్సి వస్తోంది.

ఊపిరి కుదుటపడ్డాక, "చలి మొదలైతది" అంది. అంతే అంది.

ఆ వారం నేను చేసిన పని చాలామంది మొదటే చేస్తారు. కరీంనగర్‌లో కారు సామాన్ల దుకాణానికి పోయి, మా కారు తలుపులకు సరిపోయే అసలు రబ్బరు అడిగి తెచ్చుకున్నాను. చేతిలో పట్టుకుంటే మెత్తగా, డొల్లగా, బావమరిది చెప్పినట్టు గాలి ఊదిన పైపులాగే ఉంది. ఆ మెత్తదనమే దాని పని అని అప్పటికి నాకు అర్థమైంది.

ఇరుక్కున్న తలుపులను లోపల్నుంచి కాలితో తన్ని తెరిచినా, బెల్టును ఊడదీయడం పెట్టినంత తేలిక కాలేదు. గమ్ముతో పాటు చట్రం మీది రంగు కూడా అక్కడక్కడా లేచింది. గోకి, తుడిచి, తుప్పు పట్టకుండా ఆ చోట్ల రంగు అద్ది ఆరనిచ్చాను. తర్వాత కొత్త రబ్బరు ఎక్కించాను. మొదటి తలుపుకు బిగుతుగా ఉండాలని లాగి లాగి ఎక్కించాను. తెల్లారి చూస్తే లాగినదంతా వెనక్కి ముడుచుకుపోయి, మూలలో వేలు పట్టేంత ఖాళీ వదిలింది. లాగిన రబ్బరు ఊరుకోదు. మొత్తం తీసి, ఈసారి లాగకుండా, కొంచెం వదులుగానే ఉంచి, అరచేత్తో తడుతూ చుట్టూ కూర్చోబెట్టాను. అతుకు కిందివైపు వచ్చేలా చూసుకున్నాను.

సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి చట్రానికీ తలుపుకూ మధ్య కాగితం పెట్టి తలుపు మూసి లాగాలి. జారి వచ్చేస్తే అక్కడ సందున్నట్టు. పట్టి ఉంటే రబ్బరు పట్టినట్టు. చొక్కా జేబులో ఎప్పుడూ ఆదివారం బస్సు టికెట్లు ఉంటాయి, వాటితోనే చూశాను. చుట్టూ పట్టింది. అద్దాలు దిగే గాడిలో ఉండే సన్నని పట్టీలు కూడా మార్చాను.

బంపరు పని బట్టలుతికే పనికన్నా ఎక్కువైంది. కాలిన ఆయిలు వదిలేదాకా సబ్బునీళ్ళు, బ్రష్షు, మళ్ళీ సబ్బునీళ్ళు. నీళ్ళు నల్లగా పోవడం ఆగాక, బాగా ఆరనిచ్చి, వెలిసిన ప్లాస్టిక్కుకు రంగు తెప్పించే మందొకటి దొరికితే దాన్ని స్పాంజి మీద కొంచెమే తీసుకుని నీడపట్టున పూశాను. పౌడరు రాసుకున్నట్టే, ఎక్కువైతే తెలిసిపోతుంది. పలచగా ఒక పూత, తుడిచి, ఆరాక ఇంకో పూత. ఈసారి మెరవలేదు. చెయ్యి పెడితే అంటలేదు. నల్లగా, బుద్ధిగా ఉంది.

బావమరిది వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. నా తల వైపు కూడా చూశాడు. అంతకుముందు రోజే రంగేసుకున్నాను.

"బావా, బంపరుకు నలుపు, నీకు నలుపు. అక్క ఎవరిని జూసి మురువాలె?"

"ముందు తలుపు జూడు."

"చూసిన. ముట్టుకుంటెనే మూసుకుంటుంది. బెల్టు అయితే శాశ్వతంగ ఉంటుండె."

"అవును. నువ్వు గూడ శాశ్వతంగ అందులనే ఉండేటోనివి."

ఇంకొక్క పరీక్ష మిగిలింది. అతన్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, బయటి గాలి వచ్చే మీట మూసి, నేను వెనక సీట్లో, మా ఆవిడ కూర్చునే వైపు కూర్చున్నాను. ఒళ్ళో తెల్ల తువ్వాలు పరుచుకున్నాను. ఆ సీట్లో నేను అంతకు ముందెప్పుడూ కూర్చోలేదు. అక్కడి నుంచి రోడ్డు పెద్దగా కనిపించదు. ముందున్నవాడి మెడ వెనక భాగం, అద్దంలో సగం నుదురు, పక్కన కిటికీలో పోతూ ఉండే తుమ్మచెట్లు. ఇన్నేళ్ళ ప్రయాణాల్లో ఆమె చూసింది నా మెడ అన్నమాట. ఆ చివరి ప్రయాణంలో కూడా, ఊపిరి అందకుండా, దాన్నే చూస్తూ కూర్చుంది.

టిప్పర్ల వెనక పోయి వచ్చాం. తువ్వాలు ఎత్తి వెలుతురులో పట్టి చూశాను. ఎడమ తలుపు కింది మూలకు ఎదురుగా ఒక నల్ల గీత, వెంట్రుకంత సన్నగా. మా దగ్గర సందు ఎక్కడుందో వెతకనక్కర్లేదు, బొగ్గుపొడే గీత గీసి చూపిస్తుంది. ఆ మూల మళ్ళీ సర్ది, మళ్ళీ పోయి వచ్చాం. తువ్వాలు తెల్లగా ఉంది. మా ఊళ్ళో ఆ మాట ఎవరికైనా చెబితే నమ్మరు.

ఆదివారం కారులో కరీంనగర్ వెళ్ళాను. మెట్లు దిగి వచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక బంపరు మీద చూపుడు వేలు పెట్టి గీసి, వేలు చూసుకుంది. మా వైపు ఆడవాళ్ళు పెళ్ళిచూపులకు పోయినా ముందు కుర్చీ మీద అలాగే వేలు పెట్టి చూసుకుంటారు. వేలికి ఏమీ అంటలేదు.

"గుమ్మడికాయ ఎటు వాయె?" అంది.

"కూర వండుకున్న."

ఎక్కి తలుపు వేసుకుంది. మునుపు రేకు డబ్బా పడ్డట్టు మోగేది. ఇప్పుడు దిండు మీద చెయ్యి వేసినంత చప్పుడే వచ్చింది. పడిందో లేదోనని ఇంకోసారి తీసి వేసింది. చేతిరుమాలు మీద నీలగిరి తైలం నాలుగు చుక్కలు వేసుకుని ముక్కు దగ్గర పట్టుకుంది.

కారులో ఇదివరకు మేము మాట్లాడుకున్నదంతా అరుపులే. గాలి చప్పుడుకు, తలుపుల మోతకు, ఒక మాట రెండుసార్లు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు లోపల ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మామూలు గొంతుతో ఏం మాట్లాడాలో ఇద్దరికీ వెంటనే తోచలేదు. సుల్తానాబాద్ దాటాం. తర్వాత ఆమే, "మెడ మీద రంగు అంటింది, తుడుచుకోలేదా?" అంది. తుడుచుకున్నాను.

బసంత్‌నగర్ దగ్గర లారీలు తగిలాయి. ఒకటి బూడిదది, దాని ముందు బొగ్గువి. బయట కిటికీ అద్దాలన్నీ మబ్బుపట్టాయి. నేను రోడ్డు ఎంత చూశానో అద్దంలో ఆమెను అంత చూశాను. నా ఊపిరి కూడా నేను లెక్క చూసుకుని తీస్తున్నట్టుంది. ఆమె రుమాలు ముక్కుకు నొక్కి పట్టుకుని కళ్ళు మూసుకుంది. లారీలు దాటేశాం. కాసేపటికి రుమాలు ఒళ్ళోకి దిగింది. కిటికీ వైపు తిరిగి, పవర్ హౌసు గొట్టాలు కనబడగానే, "అగో, వచ్చినం" అంది. దగ్గలేదు.

ఇల్లంతా పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, కిటికీలు మూసి పెట్టాను. ఆమె లోపలికి వచ్చి ముందు వంటింట్లోకి పోయింది. డబ్బాల మూతలు తీసి చూసింది. ఉప్పు ఉండాల్సిన చోట చక్కెర, చక్కెర చోట కారం ఉన్నాయని గుర్తించి, వాటి చోట్లకు వాటిని మార్చింది. కరివేపాకు చెట్టును కిటికీ అద్దంలోంచే చూసింది. ఎదురింటామె పలకరించడానికి వచ్చింది. ఇద్దరూ గుమ్మానికి అటొకరు ఇటొకరు నిలబడి మాట్లాడుకున్నారు. బావమరిది మటన్ తెచ్చాడు. తిన్నాక ఆమె తన మంచం మీద పడుకుంది, గోడ వైపు తిరిగి, మునుపు పడుకున్నట్టే. నిద్రపోయింది. నేను కుర్చీ తలుపు దగ్గర వేసుకుని ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. ఈల లేదు. ఫ్యాను చప్పుడు అడ్డం వస్తోందని దాన్ని కూడా తగ్గించాను.

లేచాక టీ తాగుతూ అడిగింది.

"ఇయ్యాల ఉండి రేపు పొద్దుగాల పోతే ఏమైతది?"

నాకు కావాల్సింది అదే. ఇన్ని నెలలుగా ఆ మాట ఆమె నోట వింటే చాలనుకున్నాను. సరే అని నోటిదాకా వచ్చింది కూడా. లేచి వెళ్ళి, పొద్దున తుడిచిన కిటికీ గట్టు మీద వేలితో గీసి, ఆమెకు చూపించాను. మూసిన కిటికీయే. వేలి చివర నల్లగా ఉంది.

ఆమె ఆ వేలిని చూసింది. టీ మొత్తం తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది.

"షిఫ్టు ఇడిసే యాళ్ళకు రోడ్డు నిండుతది. జల్ది తియ్యి కారు" అంది.

తిరుగు దారిలో ఆమె తిన్నగా కూర్చోలేదు, సీటుకు అడ్డంగా ఒరిగింది. పెద్దపల్లిలో టీ కోసం ఆపితే, తలుపు తీయొద్దు అంది. చీకటి పడేలోపు కరీంనగర్‌లో దింపాను. ఆమె అక్క మేడ మీంచి చెయ్యి ఊపింది. నేను ఒక్కణ్ణే వెనక్కి వచ్చాను. కారులో అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. రేడియో పెట్టుకుని, మళ్ళీ ఆపేశాను.

మరునాడు డ్యూటీ నుంచి వచ్చాక, సీటు తుడుద్దామని వెనక తలుపు తీశాను. నీలగిరి తైలం వాసన వచ్చింది. దాని వెనక కొబ్బరినూనె, గంజి పెట్టిన చీర, కుట్టుమిషన్ దగ్గర కూర్చునేవాళ్ళ బట్టలకుండే నూలు వాసన. మునుపైతే ఆమె దిగిపోయాక కారులో ఏదీ పెద్దపల్లి దాకా కూడా నిలిచేది కాదు. ఉన్న అన్ని సందుల్లోంచీ పోయేది. ఇప్పుడు పోవడానికి దారి లేదు. నేను తుడవలేదు. గబుక్కున తలుపు మూశాను.

ఆ తర్వాతి రోజుల్లో ఆఫీసుకు నడిచి పోయాను. ఆరోగ్యానికి మంచిదని చెప్పాను. బావమరిదికి మంచిర్యాలలో ఏదో పని పడి కారు అడిగాడు.

"తలుపులు తెరవద్దు, గమ్ము ఇంక ఆరలె" అన్నాను.

"రబ్బరు ఎక్కిచ్చి ఎన్ని రోజులాయె బావా? మా బెల్టు గూడ గింతసేపు ఆరది."

"ఇది కరీంనగర్ గమ్ము. మెల్లగ ఆరుతది."

తలుపు మీద వెయ్యబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని బస్టాండుకు పోయాడు.

సాయంత్రాలు వెనక తలుపు ఒక్కసారి తీసి, లోపల కూర్చుని, మూసుకునేవాణ్ణి. వేడికి ఉండలేకపోయేదాకా ఉండేవాణ్ణి. ఎదురింటామె గేటు దగ్గర నిలబడి, "ఎటన్న పోతున్నవా అన్నా?" అని అడిగింది. ఎటూ లేదని చేత్తో సైగ చేశాను. తలుపు తీసిన ప్రతిసారీ కొంత తగ్గేది. అందుకని కాళ్ళు ముందు పెట్టి, తలుపు సగమే తెరిచి, త్వరగా లోపలికి జారడం నేర్చుకున్నాను.

శుక్రవారం నాటికి తలుపు తీస్తే కొత్త రబ్బరు వాసన ఒక్కటే ఉంది. సీటు మీదికి వంగి కూడా చూశాను. దిగి తలుపు వేశాను. బాగానే పట్టింది.